ఇటలీ మామ్మ చేదు

సముద్రాల అవతలి షామ్‌బర్గ్‌లో ఆ రోజుల్లో వేపపువ్వు కావాలంటే దేవుణ్ణే అడగాలి. ఆయన మంచు ఇచ్చేవాడు. (ఉగాదికి మంచేమిటని అడక్కండి, అక్కడంతే.) కొత్త కాపురం, నా చేతి తొలి ఉగాది. మా ఆయన అక్కగారు, అంటే మా వదిన, ఫోన్‌లో ముందే తేల్చేసింది: "చేదు లేని పచ్చడి పెట్టావో, ఇక పండగలన్నీ మా ఇంట్లోనే. నువ్వొచ్చి ప్లేట్లు సర్దుదువుగాని." కాకరకాయ వేద్దామా అంటే మా ఆయన "అది పచ్చడి కాదే, కూర" అని నవ్వాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

కింది వాటాలో ఉండే ఇటలీ మామ్మ నా మొహం చూసి సంగతేమిటని అడిగింది. నాకొచ్చిన ఇంగ్లీషులో "ఫెస్టివల్, బిట్టర్, నో" అన్నాను. ఆవిడ రెండు సీసాలు తెచ్చి, చేదుదొకటి, తియ్యనిదొకటి, చెరిసగం ఒక జాడీలో కలిపి ఇచ్చింది. వేర్లూ, మూలికలూ, నారింజ తొక్కలూ అట. భోజనానికి ముందు తాగితే ఆకలి పుడుతుందట. కుంకుమ రంగు. మూత తీస్తే మా నాయనమ్మ తాగే ద్రాక్షారిష్టం వాసన. ఇంకేం అనుమానం? చింతపండు, బెల్లం, పుల్ల ఆపిల్ ముక్కల మీద (మామిడికాయ కూడా దొరకలేదు లెండి) జాడీ మొత్తం వంచేశాను.

పండగ రోజు చుట్టాలంతా మా ఇంటికొచ్చారు. పచ్చడి పేరు వినగానే వాళ్ళ పిల్లలు పక్క గదిలోకి పోయి తలుపేసుకున్నారు. వదిన ఒక గుక్క తాగి కళ్ళు చిట్లించింది. "అమ్మాయ్, ఇంకో గ్లాసు పొయ్యి" అంది! ఉగాది పచ్చడి మారు అడిగిన మనిషిని అదే చూడడం. ఆ తర్వాత అందరూ వరస కట్టారు. పంచాంగం చదువుతున్న బాబాయిగారు "ఈ ఏడు ఎవరికీ అవమానం లేదు, అన్ని రాశులకీ కొట్టేశాను పొండి!" అని తనకు తనే చప్పట్లు కొట్టుకున్నారు. నవ్వితే పళ్ళు అరుగుతాయనుకునే వదిన, మా ఆయన బుగ్గలు పిండి, "చిన్నప్పుడు నిన్ను ఊరికే కొట్టాన్రా తమ్ముడూ" అని ఏడ్చి, వెంటనే పకపకా నవ్వింది.

అంతలో ఇటలీ మామ్మ పైకొచ్చి, గ్లాసులు చూసి మురిసిపోయింది. "ఇంతకీ ఇదేంటండీ?" అని మా ఆయన ఇంగ్లీషులో అడిగితే, "ఒకటి లిక్కర్, ఒకటి వైన్, రెంటిలోనూ మూలికలే" అంది గర్వంగా. అందరి కళ్ళూ వదిన మీదే. ఆవిడ గ్లాసు వంకా, నా వంకా మార్చి మార్చి చూసింది.

"మూలికలేగా? అయితే శాస్త్రం తప్పలేదు. వచ్చే ఏడూ ఇక్కడే. చేదు మాత్రం ఆవిణ్ణే కలపమను."

ఇక డ్రైవ్ చేసే నాథుడు లేక, అందరూ మా కార్పెట్ మీదే నడుం వాల్చారు.

ఇప్పుడు ఏ సీసా అయినా, దాని మీద అక్షరాలు కూడబలుక్కుని చదివాకే మూత తీస్తాను. అయినా కళ్ళు మూసుకుంటే, పట్టుచీర కుచ్చిళ్ళు ఎగదోపి, గరిటె పట్టుకుని, అదంతా తన చేతి చలవేనని పొంగిపోతున్న ఆనాటి ఆ కొత్త కాపురం పిల్ల కనిపిస్తుంది. నిజం చెప్పబుద్ధి కాదు. పాపం, ఇంకాసేపు పోయనిద్దాం అనిపిస్తుంది.