తొట్టి గట్టుమీది ముద్ద

దయ్యాలూ గియ్యాలూ అంటే పడీపడీ నవ్వే మనిషిని నేను. వల్లకాటి దారిలో ఒంటిగా కట్టెలమోపు ఎత్తుకోనొచ్చినదాన్ని. ఇది చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉండాది, అయినా చెప్తాండా.

హిందూపురం అంచున మాకొక రేకుల షెడ్డు ఉండె. పట్టుపురుగులకు ఆకు కోసినాక మిగిలే మల్బరీ కట్టెను కాస్టిక్ సోడా నీళ్లలో ఉడకబెట్టి, నలగ్గొట్టి, ప్రెస్సులో ఒత్తి అట్టలు చేస్తాంటిమి. ధర్మవరం చీరల అంగళ్లు చీరలు పెట్టే అరలకని కొంటాండె.

ఎంతసేపు ఉడకాలనేది మా ఇంటాయన చేతికే తెలుసు. గ్లౌజు తొడిగి గుజ్జును పిడికిట్లో పిండేటోడు. కుదిరితే ఆ ముద్ద తొట్టి గట్టుమీద పెట్టేటోడు. అది చూసినాకనే పనోళ్లు వాయి దించేది. కట్టెలు తుంచే మిషన్లో ఆయన ఉంగరం వేలు పోయింది. అందుకే ముద్దమీద నాలుగు వేళ్ల గుంతలు పడాల్సిన తావున మూడే పడేటివి, నడుమ ఉబ్బు.

పోయినేడాది గుండెపోటొచ్చి ఆయన పోయినాడు. దినాలు కాకముందే మా మరిది నాగరాజు పనోళ్లందర్నీ పెనుకొండకు పిల్చుకపోయి, ఈ పని నేనే కనిపెట్టినా అని సొంత షెడ్డు పెట్టినాడు. నా చేతి కూడు తిని పెరిగినోడు!

మా షెడ్డులో కొత్తోళ్లతో నేను దించిన వాయిలన్నీ చెడిపోయినాయి. ఇంకొక్క లోడు చెడితే మాకొద్దని ధర్మవరమోళ్లు కచ్చితంగా చెప్పేసినారు. సిగ్గిడిచి, సోమందేపల్లి మీద పోయే బస్సెక్కి పెనుకొండకు పోతి, ఎంతసేపు ఉడకబెట్టాలో మరిదినే అడుక్కుందామని.

మిట్టమధ్యాన్నం. పనోళ్లు అన్నాలకు కూర్చోనుండారు. తొట్టి గట్టుమీద ముద్ద ఉండాది. చెయ్యి దగ్గర పెడితే ఇంకా వేడి తగిలింది. మూడు గుంతలు, నడుమ ఉబ్బు. పనోళ్ల చేతులు ఒక్కొక్కరివే పట్టి చూస్తి. అందరికీ ఐదు వేళ్లూ ఉండాయి. నాగరాజుకూ ఉండాయి.

వాడు తల వంచుకోని చెప్పినాడు. "దినామూ ఉంటాది వదినా. మొదట్లో వణికినాం. ఇప్పుడు అది కనపడినాకనే వాయి దించుతాండాం."

నాకు భయం కాలేదు. ఒళ్లంతా మంట. నేను మా తొట్టి దగ్గర నిలబడి ఏడ్చి ఏడ్చి పిలిచినా రాని మనిషి, నా కడుపు కొట్టినోడికి దినామూ వచ్చి పని చేసిపెడతాండాడు.

ఏమీ అడగకుండానే బస్సెక్కినా. ఆ లోడూ చెడింది. షెడ్డుకు బీగం వేసినా.

ఆ ముద్ద ఎట్లొస్తాందో నాకీపొద్దుకీ తెలీదు. మరిది చేసిన మోసమంటావా, బతికుండే మనిషి, ఆశ ఉంటాది, అర్థమైతాది. చచ్చిపోయినాయనకు ఏం ఆశ? నేనేం తక్కువ చేసినా ఆయనకు?