సగం దువ్విన మంద

వేసవి మొదట్లో లేహ్ రేడియోలో వాతావరణం చదివే మనిషికి ఒక ఊతపదం ఉంది. "ఎత్తయిన కొన్ని చోట్ల తేలికపాటి మంచు కురవవచ్చు" అంటాడు. ఆ కొన్ని చోట్లు ఏవో ఏనాడూ చెప్పిన పాపాన పోలేదు. నోర్‌చెన్ లోయలో గుడారాలు వేసుకున్న కుటుంబాలన్నీ ఎత్తయిన చోటే ఉంటాయి. ఇంతకంటే ఎత్తున దేవుళ్ళూ అడవి గొర్రెలూ తప్ప ఎవరూ ఉండరు. అయినా ఆ మాట వినపడగానే ప్రతివాడూ కొండ అవతలి వాళ్ళ మీద జాలిపడి, టీ గిన్నె నింపుకుని, మరునాటి పని గురించి మాట్లాడుకుంటాడు.

దెస్కిత్ ఒక్కతే ఆ కొన్ని చోట్లలో తన చోటూ ఒకటని అనుకునేది. అందుకే ఆమెను చూసి గుడారాలన్నీ నవ్వేవి.

నవ్వడానికి కారణం ఆమె మంద. వేసవి మొదట్లో మేక ఒంటి మీద పైవెంట్రుకల అడుగున ఉన్న మెత్తటి బొచ్చు వదులవుతుంది. షాలువలకు పనికొచ్చే పష్మీనా అదే. వదులైన వెంటనే ఇనుప దువ్వెనతో దువ్వి తియ్యాలి. ఆలస్యం చేస్తే మేక పోయి ముళ్ళకంపకు రాసుకుంటుంది, ఏడాది కష్టం కంపపాలవుతుంది. తొందరపడితే ఇంకో చిక్కు. దువ్విన మేక చలికోటు విప్పిన మనిషిలాంటిది. కొత్త వెంట్రుక కాస్త మొలిచేదాకా, సుమారు పది రోజులు, దాని ప్రాణం ఆకాశం చేతిలో ఉంటుంది. ఆ పది రోజుల్లో మంచు పడితే నిలుచున్నది నిలుచున్నట్టే బిగుసుకుపోతుంది.

అందరూ మందనంతా ఒక్క ఊపున దువ్వేసేవాళ్ళు. దెస్కిత్ సగం దువ్వేది. పది రోజులు ఆగి మిగతా సగం పట్టేది. ఈ మధ్యకాలమంతా ఆమె మందలో సగం మేకలు నున్నగా, సగం బొద్దుగా తిరుగుతుంటే చూసినవాళ్ళకు నవ్వు ఆగేది కాదు.

"దెస్కిత్ మేకలు సగం పెళ్ళికి పోతున్నాయి, సగం చావుకి పోతున్నాయిరా" అనేవాడు గ్యుర్మెత్. ఆయన ఆమె భర్తకు పెదనాన్న కొడుకు, ఆ ఏడు గోబా కూడా, అంటే గుడారాలన్నిటికీ పెద్ద.

"ఏది ఎటు పోతుందో నీకు తెలిస్తే చెప్పు బావా, మొత్తం దువ్వేస్తా" అనేది దెస్కిత్.

ఈ అలవాటు ఊరికే రాలేదు. ఆమె కోడలిగా వచ్చిన ఏడు అత్తగారు మంద మొత్తం దువ్వించింది. ఆకాశం అద్దంలా ఉంది. అయిదో రోజున మంచు పడింది. మందలో మిగిలినవాటిని వేళ్ళ మీద లెక్కపెట్టారు. ఆ చలికాలమంతా ఆ ఇంట్లో పాలు లేని టీ తాగారు, అత్తగారు మరి కోలుకోలేదు. దెస్కిత్ అంచనా కూడా చాలా ఏళ్ళు తప్పింది. ఆమె భయపడిన ఏళ్ళలో పది సార్లకు తొమ్మిది సార్లు మంచు రాలేదు. అయినా అలవాటు మానలేదు. మొండిది, ఏం చేస్తాం.

ఆ సగం ఏ సగమో కూడా చెప్పాలి. ఆమె కాసే మందలో రెండు ఇళ్ళ మేకలున్నాయి. చెవికి ఎర్ర ఊలు కుచ్చు ఉన్నవి తనవి. నీలం కుచ్చు ఉన్నవి అక్క కుంజెస్‌వి. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే లోయకు కోడళ్ళుగా వచ్చి ఇరవై ఏళ్ళు పక్కపక్క గుడారాల్లో బతికారు. ఈ గుడారంలో ఒకరు తుమ్మితే ఆ గుడారంలోంచి ఒకరు తిట్టేవారు. తరవాత కుంజెస్‌కు మోకాళ్ళు పట్టేశాయి. లేహ్‌లో టాక్సీ నడుపుకునే కొడుకు థిన్లెస్ వచ్చి తీసుకెళ్ళాడు. "మోకాళ్ళు కాస్త వంగితే చాలు, వచ్చేస్తానే" అని వెళ్ళింది. మూడేళ్ళయింది. ఫోన్ చేసినప్పుడల్లా అదే మాట.

దెస్కిత్‌కు పిల్లల్లేరు. భర్త పోయాక గుడారంలో మాట్లాడే మనిషి లేదు. అక్క వస్తుందన్న ఆశ మీదే రోజులు నెట్టుకొస్తోంది. ఎక్కడ గుడారం వేసినా పక్కన అక్క చోటు వదిలేసేది, అక్కడి పొయ్యిరాళ్ళు ఎవరినీ కదపనిచ్చేది కాదు. గుడారాల కట్టుబాటు ప్రకారం మేకలున్న ఇంటికే మేతలో వాటా. మేకలు తరిగిపోతే గోబా ఆ ఇంటి పేరు తీసేస్తాడు, తీసేసిన పేరు మళ్ళీ ఎక్కదు. అందుకని నీలం కుచ్చుల మేకలంటే ఆమెకు అక్క తిరిగొచ్చే దారి. ప్రతి ఏడూ ముందు తనవి దువ్వేది. మంచు పడితే తనవి పోవాలి, అక్కవి ఉండాలి. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పుకుంటే అక్క చెవిన పడుతుందని సిగ్గు.

ఆ వేసవి థిన్లెస్ ముందుగానే వచ్చాడు. గుడారంలోకి వస్తూనే ఫోన్ తీసి పిన్ని ముందు పెట్టాడు. తెర మీద పది సూర్యుళ్ళు వరసగా పళ్ళికిలిస్తున్నారు.

"చూడు పిన్నీ. పది రోజులు ఎండే. మబ్బు బొమ్మ ఒక్కటి కూడా లేదు."

"రేడియో వాడు కొన్ని చోట్ల అన్నాడురా."

"వాడు పుట్టినప్పటినుంచీ కొన్ని చోట్లే అంటున్నాడు. మావి ముందు దువ్వు. బొచ్చు కొనేవాళ్ళ లారీ వచ్చేలోపు మూటలు కట్టాలి."

"మీవి రెండో విడతలో కదరా ఎప్పుడూ."

థిన్లెస్ టీ గిన్నె కింద పెట్టాడు. కుర్రాడు చెడ్డవాడు కాదు, నోరే కాస్త దురుసు. "అదే అడుగుతున్నా. ప్రతి ఏడూ నీవి ముందు, మావి వెనక. మొదటి లారీ మంచి ధర నీకు, చివరి లారీ తోక ధర మాకు. అమ్మ అడగలేక ఊరుకుంటోంది, నేను అడుగుతున్నా."

దెస్కిత్ మొహం మాడిపోయింది. "మీ అమ్మ అలా అందా?"

"అనాలా? లెక్క తెలియదా?"

నిజం చెప్పెయ్యడానికి ఒక్క మాట చాలు. కానీ ఒళ్ళు మండింది, దానికి తోడు రోషం. గుడారం బయటికొచ్చి ఆకాశం చూసింది. నీలంగా, ఖాళీగా ఉంది. గాలి పడమటినుంచి మెల్లగా వీస్తోంది. నిజం చెప్పాలంటే ఆమెకూ ఆ రోజు భయం కనిపించలేదు. ఫోన్ చెప్పినదే ఆమె కళ్ళూ చెప్పాయి. ఆ ఫోన్‌లో సూర్యుళ్ళు లేహ్ బజారు మీద కాసేవాళ్ళని, ఈ లోయ మీద కాదని ఇద్దరికీ తట్టలేదు.

"సరే, పట్టు కాళ్ళు" అంది.

నీలం కుచ్చులవాటిని ఒక్కొక్కటిగా పడుకోబెట్టి, కాళ్ళు కట్టి, మెడనుంచి తోకదాకా దువ్వారు. గోబా వచ్చి చూసి, "ఇదేంటి దెస్కిత్, ఈసారి పెళ్ళికూతురు మారిందే" అన్నాడు. ఆమె తరవాతి మేకను పడుకోబెట్టింది. మూటలు కట్టుకుని థిన్లెస్ వెళ్ళిపోయాడు. వెళుతూ వెళుతూ, "ఏమీ అనుకోకు పిన్నీ, అమ్మ మందులకే" అన్నాడు. అనుకోవడానికి ఇంకేం మిగిలింది.

మూడు రోజులు ఎండ బాగానే కాసింది. నాలుగో రోజు మధ్యాహ్నం గాలి తిరిగింది. లోయ చివరనున్న ఉప్పు చెరువు మీద ఒక బూడిద రంగు గీత లేచి చూస్తుండగానే లోయలోకి వచ్చేసింది. అది మంచు అని పోల్చుకునేసరికి దెస్కిత్ మంద దూరపు వాలు మీద ఉంది. ఒడిసెల విసురుతూ, కేకలేస్తూ, పడుతూ లేస్తూ దించుకొచ్చింది. రాళ్ళదొడ్డిలో బొద్దుగా ఉన్న తన మేకలను చుట్టూ నెట్టి, నున్నటివాటిని నడిమికి తోసింది. మేకలు మనం చెప్పినట్టు నిలబడతాయా. తోసినవి తోసినట్టే బయటికొచ్చేవి. పిల్లల్ని, ముసలివాటిని గుడారంలోకి ఈడ్చుకొచ్చింది. మంచు మరునాడంతా కురిసింది.

మబ్బు విడిచాక చూస్తే పందొమ్మిది పోయాయి. పందొమ్మిదీ నీలం కుచ్చులవే. ఎర్ర కుచ్చులవి ఒక్కటి కూడా పోలేదు, ఒళ్ళు దులుపుకుని మేతకు అరుస్తున్నాయి. పోయినవాటిలో నుదుట తెల్లమచ్చ ఉన్న బొట్టుది కూడా ఉంది. తల్లి చచ్చిపోతే కుంజెస్ గుడారంలో పెట్టుకుని, వేలు ముంచి పాలు చీకించి పెంచిన మేక అది. పొయ్యి పక్కనే పడుకోబెట్టినా దక్కలేదు. దెస్కిత్ దాని తల ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. పక్క గుడారాలకు వినపడేలాగే ఏడ్చింది. ఆ రోజు ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే ప్రతి దొడ్డిలోనూ మేకలు పోయాయి.

తరవాత ఆమె చేసిన పని గోబా కంట పడింది. తన మందలోంచి ఏరి ఏరి పందొమ్మిది మంచి మేకలను పట్టుకుని, చెవుల ఎర్ర కుచ్చులు విప్పి నీలం కుచ్చులు కడుతోంది.

"మతి పోయిందా నీకు?" అన్నాడు గ్యుర్మెత్. "మంచుకు పోతే కాసేదాన్ని అడిగే హక్కు ఎవరికీ లేదు. అది ఆకాశం బాకీ."

"దువ్వింది నేను బావా."

"వాడు దువ్వమన్నాడు."

"వాడు మేకల దగ్గర ఎన్నాళ్ళున్నాడని. అక్క ఇంటి పేరు తీసెయ్యాల్సి వస్తుంది, అది చెప్పు. తీసెయ్యవా?"

గోబా గడ్డం గోక్కున్నాడు. "తీసెయ్యాల్సే వస్తుంది" అన్నాడు. మేకల వైపు చూసి, "కుచ్చులు మారిస్తే మొహాలు మారతాయా? మీ అక్క ఒక్క చూపు చూస్తే చాలు, పట్టేస్తుంది" అన్నాడు.

అది నిజం. ఈ లోయలో బతికిన మనిషి వేరే మేకను చూసి తన మేక అని పొరబడడం ఉండదు. పక్కింటి బిడ్డను తన బిడ్డ అనుకుంటే ఎంతో, ఇదీ అంతే. దెస్కిత్‌కు తెలుసు. అక్క చూస్తుంది, చూసి తిడుతుంది, "బొట్టుది ఏదే?" అని నిలదీస్తుంది. అప్పుడు చెప్పెయ్యవచ్చు. తిట్టుకుని, ఏడ్చుకుని, టీ తాగవచ్చు. ఏం చెప్పాలో పాలు పితుకుతూ రోజూ మనసులో అనుకునేది. థిన్లెస్‌కు మాత్రం ఫోన్‌లో, "కొన్ని పోయాయి నావి. మీవి బాగానే ఉన్నాయి" అంది. అతడు "అయ్యో" అన్నాడు, నిజంగానే బాధపడ్డాడు.

ఎండలు ముదిరి, మందలు పై మేతకు ఎక్కాక, గోబా చలికాలపు వాటాలు తేల్చే రోజున కుంజెస్ తన కొడుకు టాక్సీలో వచ్చి దిగింది. కాస్త ఒళ్ళు చేసింది. మోకాళ్ళు ఫరవాలేదు, కర్ర లేకుండానే నడిచింది. దెస్కిత్ ఆమె నుదుటికి నుదురు ఆనించి, పీల్చగలిగినంతసేపు ఊపిరి పీల్చింది. సబ్బు వాసన వేసింది అక్క.

"ఎండకు నల్లబడ్డావే" అంది కుంజెస్.

"నువ్వు నీడకు తెల్లబడ్డావు" అంది దెస్కిత్. ఇద్దరూ నవ్వారు. టీ అయ్యాక, "రా, నీ మేకల్ని చూద్దువు" అని దొడ్డి దగ్గరకు తీసుకెళ్ళింది. గోబా గ్యుర్మెత్ కూడా లెక్కకోసం అక్కడే నిలబడి ఉన్నాడు.

కుంజెస్ నీలం కుచ్చుల మధ్య నడిచింది. "బాగా మేపావే. భలే నిగనిగలాడుతున్నాయి" అంది. ఒకదాని నుంచి ఒకదానికి ఆమె చూపు సాఫీగా జారిపోయింది. ఎక్కడా ఆగలేదు. దెస్కిత్ చూస్తూనే ఉంది. ఇంతలో నుదుట తెల్లమచ్చ ఉన్న మేక ఒకటి ముందుకొచ్చి కుంజెస్ అరచెయ్యి నాకసాగింది. దెస్కిత్ మేకే అది, నాలుగేళ్ళది, ఎవరి చెయ్యి కనిపించినా ఉప్పుకోసం నాకుతుంది. కుంజెస్ వంగి దాని మెడ చుట్టూ చెయ్యి వేసింది.

"బొట్టుదే కదూ" అంది. ఆమె కళ్ళు చెమర్చాయి. "చూశావా, నన్ను మర్చిపోలేదు."

దెస్కిత్ తిట్లకు సిద్ధపడి వచ్చింది, దీనికి కాదు. మంచులో పందొమ్మిది పోయిన రోజున కూడా ఇంత ఒంటరితనం అనిపించలేదు ఆమెకు.

గోబా ఆమె మొహం చూసి, చూపు తిప్పుకుని, దగ్గాడు. "కుంజెస్, వచ్చే చలికాలం వాటాకు నీ పేరు ఉంచనా మరి?"

"ఉంచండి. వచ్చే ఏడు తప్పకుండా వచ్చేస్తా" అంది కుంజెస్, మేకను నిమురుతూనే. అబద్ధం చెబుతున్నట్టు లేదు. ఆమె ఆ మాట నమ్మే అంటోంది.

కట్టుబాటు ప్రకారం ఊళ్ళో లేని ఇంటి తరఫున మంద కాసేవాళ్ళు కూడా సరే అనాలి. గ్యుర్మెత్ దెస్కిత్ వైపు తిరిగాడు. "నువ్వేమంటావు?"

"తీసెయ్యి బావా" అంది దెస్కిత్.

కుంజెస్ తలెత్తింది. "అదేంటే? ఇన్ని మేకలుండగా నా పేరెందుకు తీస్తారు?"

"నీ మేకలు సగం మంచులో పోయాయక్కా. బొట్టుది పొయ్యి పక్కన, నా ఒళ్ళో పోయింది" అంది దెస్కిత్. గొంతులో కోపం లేదు. "ఇప్పుడు నువ్వు పట్టుకున్నది నాది."

కుంజెస్ మెల్లగా చెయ్యి తీసేసింది. మేకకు ఉప్పు తీరలేదు. ఆ చేతి వెనకే మెడ చాపింది.