నెవిల్ ఇంటి ముందు కుర్చీలు

నెవిల్ పావురాలు మూడు రోజులుగా ఎగరలేదు. ఆలర్బీ ఊళ్లో ఆ సంగతి పట్టించుకున్నది వెండీ పాస్క్ ఒక్కతే.

వెండీ సహాయ పోలీసు. ఆమెకు సంకెళ్లు లేవు, లాఠీ లేదు, ఎవరినీ అరెస్టు చేసే అధికారం లేదు. పదిహేడేళ్లుగా ఆ సముద్రపు గట్టు వెంబడి నడవడమే ఆమె ఉద్యోగం. చక్రాల ఇళ్లు నిలిపే కారవాన్ల పార్కులో ఏ మొగుడు తాగి చెయ్యి చేసుకుంటాడో, చేపల వేపుడు కొట్టు ముసలాయన ఏ రోజు మందులు మరిచిపోతాడో ఆమెకు తెలుసు. ఊళ్లో ఒకప్పుడు పోలీసు స్టేషన్ ఉండేది. నాలుగేళ్ల కిందట దాన్ని అమ్మేశారు. కొన్నవాడు సెలవులకు వచ్చేవాళ్లకు గదులు అద్దెకిస్తున్నాడు. గుమ్మం మీద పోలీసు గుర్తుగా ఉండే నీలం దీపం మాత్రం అందంగా ఉందని అలాగే ఉంచాడు. నిజంగా పోలీసు కావాలంటే నలభై మైళ్ల అవతల నుంచి రావాలి.

నెవిల్ బ్లాంచర్డ్‌కు యాభై ఎనిమిదేళ్లు. చదువు అంటలేదు, ఎవరేం చెప్పినా నమ్మేస్తాడు. ముప్ఫై వేసవులు ఇసుకలో పిల్లల్ని గాడిదలెక్కించి తిప్పాడు. తల్లి పోయాక ఊరి పాలన చూసే కౌన్సిల్ వాళ్లిచ్చిన చిన్న ఇంట్లో పందెం పావురాల్ని పెంచుకుంటూ ఒక్కడే ఉంటున్నాడు. పొద్దున ఎనిమిదింటికి పెరట్లో మనిషి పట్టేంత చెక్క గూటి తలుపు తీస్తాడు. అవి గట్టు మీదుగా రెండు చుట్లు తిరిగి వస్తాయి. వానైనా, మంచైనా అది తప్పదు. అలాంటిది మూడు రోజులుగా ఆకాశం ఖాళీ.

వెండీ వెళ్లి తలుపు కొట్టింది. తెల్లటి ఖరీదైన బూట్లేసుకున్న యువకుడొకడు తలుపు సగం తెరిచాడు. ఊరివాడు కాదు.

"నెవిల్ పడుకున్నాడు."

"నువ్వెవరు బాబూ?"

"ఫ్రెండ్‌ని."

వాడి వెనక చీకట్లో నెవిల్ నిలబడి ఉన్నాడు. ఒక కాలికే చెప్పు ఉంది.

"నెవిల్, పావురాల్ని వదల్లేదేం?"

నెవిల్ ముందు ఆ యువకుడి మొహం చూశాడు, తర్వాత జవాబు చెప్పాడు. "వాళ్లు వద్దన్నారు వెండీ. అందరూ ఇటే చూస్తారంట."

తలుపు మూసుకుంది.

ఇది ఏమిటో వెండీకి తెలుసు. పెద్ద నగరాల మత్తుమందు ముఠాలు ఇలాంటి ఊళ్లకు వచ్చి, అడిగే దిక్కులేని మనిషిని చూసుకుని, స్నేహం నటించి ఇల్లు ఆక్రమిస్తాయి. సరుకు అక్కడి నుంచే అమ్ముతాయి. అలా పోయిన ఇళ్లు పక్క ఊళ్లో ఆమె రెండు చూసింది. వెంటనే కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేసింది.

"ప్రాణాపాయం ఉందా?" అవతలి అమ్మాయి అడిగింది.

"ఉండొచ్చు. పావురాలు ఎగరడం లేదు."

"ఏవి?"

"పావురాలమ్మా, పావురాలు!"

"ఫారంలో అలాంటి గడి లేదండీ. తక్కువ ప్రమాదం అని రాస్తున్నాను."

ఆ వారంలో వెండీ మొత్తం నాలుగు సార్లు ఫోన్ చేసి చెప్పింది. వచ్చీపోయే కార్ల రంగులు చెప్పింది, కిటికీలకు దుప్పట్లు కట్టారని చెప్పింది. ఒక్కరూ రాలేదు. ఆఖరికి ఇన్‌స్పెక్టర్ ఫెల్‌గేటే ఫోన్ చేశాడు.

"వెండీ, నీ పని జనానికి కనిపించడం. దర్యాప్తు కాదు."

"కనిపిస్తూనే ఉన్నాను సార్. నాకు కనిపించింది కూడా మీకు చెబుతున్నాను."

"సోమవారం నుంచి రెండు వారాలు హెడ్‌క్వార్టర్స్‌లో ఫోన్లు చూడాలి. మనుషులు తక్కువగా ఉన్నారు."

ఊరికున్న ఒక్క మనిషినీ తీసుకుపోయి, మనుషులు తక్కువని చెబుతున్నాడు!

ఆ శనివారం మందుల షాపు దగ్గర నెవిల్ ఎదురయ్యాడు. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. కోటుకు ఈకలు అంటుకుని ఉన్నాయి.

"ఎవరు కొట్టారు?"

"పడ్డాను."

"ఎక్కడ పడుకుంటున్నావు నెవిల్?"

అతను సంతోషంగానే చెప్పాడు. "గూట్లో. మంచం వాళ్లకు కావాలంట. పావురాలు పక్కనుంటే వెచ్చగానే ఉంటుందిలే."

ఫిబ్రవరి నెల. ఆ పొద్దున గట్టు మీద గడ్డి గడ్డకట్టి ఉంది.

తనింటికి రమ్మని వెండీ అడిగింది. పావురాల్ని వదిలి రానన్నాడు. ఆమె మరోసారి ఫోన్ చేసింది. బాధితుడు స్వయంగా ఫిర్యాదు ఇవ్వాలన్నారు. బాధితుడికి తాను బాధితుడినని తెలియదు. ఆ ముక్క రాసుకునే గడి కూడా లేదు.

అప్పుడామె నేరుగా చర్చి హాలుకెళ్లింది. శనివారాల్లో అక్కడ ఊరి ఆడవాళ్లు కూర్చుని ఊలు అల్లుకుంటారు. వాళ్లకు పెద్ద బెరిల్ ఓడ్లింగ్. ఎనభై ఒక్కేళ్లు. ఇరవై ఆరేళ్లు బడి ముందు పిల్లల్ని రోడ్డు దాటించిన మనిషి. వెండీ ఉన్నదున్నట్టు చెప్పింది.

"మమ్మల్నేం చెయ్యమంటావు తల్లీ?" అంది బెరిల్.

"ఏమీ చెయ్యమనడం లేదు. చెయ్యమనే అధికారం నాకు లేదు. వాళ్లు చెడ్డవాళ్లు బెరిల్, కొడతారు కూడా. నేను మాత్రం సోమవారం నుంచి సెలవు పెట్టి, మామూలు బట్టల్లో వాడి ఇంటి ముందు కూర్చుంటాను."

బెరిల్ సూదులు పక్కన పెట్టింది. "ఆ రోడ్డు కౌన్సిల్‌దేగా? పన్ను కడుతున్నాంగా? మరింకెవర్ని అడగాలి?"

సోమవారం తొమ్మిదింటికి పదకొండు మంది ఆడవాళ్లు మడత కుర్చీలు, ఫ్లాస్కులు, ఊలు సంచులతో వచ్చారు. నెవిల్ గేటుకు ఎదురుగా వరసగా కూర్చున్నారు. గాలికి మొహాలు ఎర్రబడ్డాయి. ఒక్కరూ లేవలేదు.

కొనడానికి వచ్చేవాళ్లకు అదో నరకమైంది.

"ఏం గ్యావిన్, మీ అమ్మ మోకాలెలా ఉంది?" బెరిల్ వీధంతా వినబడేలా అడిగింది. "ఈ ఇంట్లో నీకేం పని? మీ అమ్మను కనుక్కుంటాలే."

గ్యావిన్ మొహం దాచుకుని వెనక్కి తిరిగాడు. ఆ రోజు అలా తొమ్మిది మంది తిరిగిపోయారు. వచ్చిన ప్రతి కారు నంబరునూ వెండీ రాసుకుంది.

సాయంత్రం తెల్లబూట్లవాడు బయటికొచ్చి అరిచాడు. "ముసలిదానా, లేచి ఇంటికిపో!"

"గట్టిగా చెప్పు నాయనా, చెవుడు నాకు," అంది బెరిల్, అల్లిక ఆపకుండా.

వాడు ఆమె ఫ్లాస్కును కాలితో తన్నాడు. టీ రోడ్డు పాలైంది. పదకొండు మందీ ఒక్కసారి లేచి నిలబడ్డారు. వెండీ వచ్చి బెరిల్ పక్కన నిలబడింది. వీళ్లలో ఎవరికి దెబ్బ తగిలినా ఆ పాపం తనదే. వాడు వాళ్లను ఒక్కొక్కరినే చూసి, ఉమ్మేసి లోపలికెళ్లాడు.

మూడో రోజు మధ్యాహ్నం రెండింటికి బూడిదరంగు కారొచ్చింది. తెల్లబూట్లవాడితో కలిపి ముగ్గురు సంచులతో ఎక్కారు. వెండీ నంబరు చూసి అప్పుడే ఫోన్ చేసింది. "ఆలర్బీ నుంచి బయటికి ఒకటే రోడ్డు. ఇరవై మైళ్ల దాకా పక్కదారే లేదు. ఒక్క బండి అడ్డం పెట్టండి చాలు."

బండి వచ్చింది, ఆరున్నరకు. ఇద్దరు కుర్ర పోలీసులు దిగి ఊరి పేరు సరిగా పలకలేక అవస్థ పడ్డారు.

ఇంట్లో తలుపులు విరిగి ఉన్నాయి. నెవిల్ తల్లి ఫొటోల మీద సిగరెట్లు ఆర్పి ఉన్నాయి. ఇరవై రెండు పావురాల్లో తొమ్మిదే మిగిలాయి. నెవిల్ గూటి ముందు కూర్చుని, పోయినవాటి పేర్లు ఒక్కొక్కటే చెప్పాడు. ఆడవాళ్లు కదలకుండా అన్నీ విన్నారు.

తర్వాతి వారం పత్రికలో గట్టు మీద నిలబడ్డ ఫెల్‌గేట్ ఫొటో వచ్చింది. ప్రజల భాగస్వామ్యంతో పోలీసులు ముఠాను తరిమేశారట. అదే రోజు వెండీని పిలిపించి ఒక కాగితం ముందు పెట్టాడు.

"ప్రజల్ని ప్రమాదంలోకి నెట్టినందుకు హెచ్చరిక. కింద సంతకం చెయ్యి."

"ఎవరు నెట్టారు సార్?"

"వెండీ, ఆ ముసలావిడకు ఏమన్నా అయ్యుంటే?"

"నాకూ అదే భయం. మూడు రోజులూ తిండి సయించలేదు. అయిదు సార్లు ఫోన్ చేశాను. ఆ అయిదింట్లో ఒక్కసారి మీరొచ్చి ఉంటే, ఎనభై ఏళ్ల మనిషి చలిలో కూర్చునేదా? నెవిల్ పావురాల గూట్లో పడుకునేవాడా? ఆ సంగతికి ఎవరు సంతకం చేస్తారు?"

ఆమె సంతకం చెయ్యలేదు. కాగితం సంతకం లేకుండానే ఫైల్లోకెళ్లింది. ఏప్రిల్‌లో ఆమెకు ఇంకో రెండు ఊళ్లు అప్పజెప్పారు. జీతం మారలేదు.

మే నెలలో ఇంకో కబురు తెలిసింది. తెల్లబూట్లవాడు పట్టుబడ్డాడు, ముప్ఫై మైళ్ల అవతల, కళ్లు సరిగా కనబడని ఒక వితంతువు ఇంట్లో. ఆవిడ చెయ్యి విరిగింది. బయట నిలిపి ఉన్నది అదే బూడిదరంగు కారు.

వెండీ వంటింట్లో కూర్చుని ఏడ్చింది. దుఃఖం కన్నా కోపమే ఎక్కువ. తర్వాత లేచి, ఫిబ్రవరిలో తాను రాసుకున్న పేజీకి నకలు తీసింది. కారు నంబరు, తేదీ, తాను ఫోన్ చేసిన టైము: మధ్యాహ్నం రెండూ పది. ఉత్తరం ఏమీ రాయకుండా దాన్నే ఫెల్‌గేట్‌కు పోస్టు చేసింది.

జవాబు రాలేదు. మరుసటి సోమవారం ఇంకో నకలు పంపింది. ఇప్పటికీ ప్రతి సోమవారం పంపుతూనే ఉంది.