బయ్యమ్మ అడిగిన ఫోటో

పుంగనూరులో మా వీధికి పాలు పోసేది బయ్యమ్మ. పద్దెనిమిదేళ్లుగా చూస్తున్నాను, వానైనా జ్వరమైనా నాగా పెట్టే మనిషి కాదు. మొగుడు మునెయ్య పోయినప్పుడు మాత్రం రెండు రోజులు రాలేదు. మూడోరోజు క్యాను పట్టుకుని వచ్చేసింది. "అప్పుడే ఎందుకొచ్చినావు బయ్యమ్మా?" అని నేను కసిరితే, "ఆవుకు తెలుస్తాదా అమ్మా, మా ఇంట్లో సావు అయిందని?" అంది.

అలాంటి మనిషికి నేను చేసిన పని చెప్పాలంటే సిగ్గుగా ఉంది. అయినా చెబుతాను.

మా పాప రమ్యశ్రీ ఫోటోలు ఇంట్లోనే వేసుకోవాలని ప్రింటరు కొన్నాను. పిల్ల మొహం బాగా రావాలని నేను పడిన తిప్పలు వింటే నవ్వుతారు. మదనపల్లెకు పోయి మూడు రకాల కాగితాలు తెచ్చి, ఒకే ఫోటోను మూడింటి మీదా వేశాను. మెరుపు లేని దాంట్లో పిల్ల వాడిపోయినట్టు కనిపించింది. పల్చటి మెరుపు కాగితం చూడ్డానికి భలే ఉంది గానీ, తడివేలితో రుద్దితే చెంప మీది రంగంతా నా వేలికొచ్చింది. దళసరిది మాత్రం నీళ్లు చల్లినా చెక్కుచెదరలేదు. దాన్ని మా పిల్లకోసం బీరువాలో దాచాను. పల్చటి కట్టను వీధిలో అడిగినవాళ్లకని బల్ల మీద పెట్టాను.

మునెయ్య పెద్దకర్మకు ముందురోజు బయ్యమ్మ వచ్చింది.

"ఆధార్ కార్డులో ఉండే మొగం తప్ప ఆయప్పది ఇంకోటి లేదమ్మా. పోయిన ఉగాదికి నీ ఫోన్లో తీసినావు కదా, అది పెద్దదిగా వేసియ్యి. రేపు అందరి ముందరా పెట్టల్ల."

బీరువా రెండడుగుల దూరంలోనే ఉంది. తెరవలేదు. బయ్యమ్మకు కాగితాల సంగతి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. ఛీ, ఎంత సులువుగా అనుకున్నానో! పల్చటిదాని మీద వేసి, అట్టకు అంటించి ఇచ్చాను. ఆమె రెండు చేతులా పట్టుకుని, "నవ్వుతాండాడు సూడమ్మా" అని మురిసిపోయింది. పటానికి గంధంబొట్టు పెడతారని నాకు తెలియదా? మా ఇంట్లో పెట్టమా?

పెద్దకర్మకు నేనూ వెళ్లాను. కుప్పం నుంచి, గుడుపల్లె నుంచి చుట్టాలంతా వచ్చారు. బయ్యమ్మ గంధం తీసి మునెయ్య నుదుటికి పెట్టింది. బొట్టు కింద రంగు చెదిరింది. కంగారుపడి తడిచెంగుతో తుడిచింది. అంతే, కన్ను పోయింది, ముక్కు పోయింది.

"నీకు మొగం సూపించేదానికి గూడా ఇష్టం లేకపాయ మా అన్నకు. ఎంత కష్టపెట్టినావో ఏమో!" అని ఆడబిడ్డ అందరి ముందూ అనేసింది. అప్పుడు నోరెత్తాల్సింది నేను. అన్నం కూడా తినకుండా అక్కణ్ణుంచి జారుకున్నాను.

మర్నాడు క్యాను అరుగు మీద పెట్టి ఆమే మొదలుపెట్టింది. "ఏమనుకోవద్దమ్మా. నువ్వు అంత బాగా వేసిస్తే, నేనే గంధంలో నీళ్లు జాస్తి పోసి సెడగొడితిని. నిజంగానే ఆయప్పకు నామీద కోపమేమో."

ఆ ఆఖరి మాటకు ఇక ఆగలేకపోయాను. బీరువాలో దాచిన కాగితం, తడివేలితో రుద్ది చూడటం, అన్నీ చెప్పేశాను. "తప్పు నీది కాదు బయ్యమ్మా, ఆయప్పకు కోపమూ లేదు. మీ ఆడబిడ్డకు నేనే ఫోన్ చేసి చెప్తా. ఇప్పుడే మంచిదాని మీద వేసిస్తా" అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మీ పాప పుట్టినప్పట్నుంచి, కడాన పితికే చిక్కటి పాలు మీ ఇంటికనే వేరేగా ఎత్తిపెడ్తాండానమ్మా" అంది.

అని, రోజూలాగే క్యాను వంచింది. గిన్నె పట్టడానికి నాకు చేతులు రాలేదు.