సలోమి ప్రార్థన డైరీ

కాజీపేటలో మా వాడ సలోమి జాకెట్లు కుడుతుంది. పొద్దున్నే నల్లా నీళ్లు పట్టి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని, కుట్టుమిషను మీదే ప్రార్థన డైరీ తెరుస్తుంది. ఒకప్పుడు రోజుకు రెండు పేజీలు చాలేవి కావు. ఎనిమిది నెలలుగా మాత్రం తారీఖు వేసి ఒకటే మాట రాస్తుంది: "ప్రభువా, ఈ రోజూ నీ మాట వినబడలేదు." ఇంట్లో చావూ లేదు, జబ్బూ లేదు. ఎందుకని కదిలిస్తే "నాకేం ఎరుక అక్కా, ఎండకాలంల బోరు ఎండినట్టు ఎండింది" అంటుంది. పెన్ను కొప్పులో దోపుకుని పనికి కూర్చుంటుంది. ఒక్క రోజూ తప్పలేదు.

మొన్న చర్చిలో స్త్రీల కూడిక జరిగింది. అందరూ డైరీలు చదివి, దేవుడు తమతో ఏం మాట్లాడాడో సాక్ష్యం చెప్పాలి. పక్కనున్న సారమ్మ తొంగిచూసి గాబరాపడింది. "ఓ వదినా, గిదేం రాత? నా దాంట్లకెళ్లి రెండు మంచి ముక్కలు జల్ది ఎక్కించుకో. లేకుంటే పాస్టరమ్మ నిన్ను ప్రార్థన నడపనియ్యది." పదేళ్లుగా అక్కడ ప్రార్థన నడిపేది సలోమే. అయినా లేచి, తారీఖులతో సహా నెల రోజులదీ ఉన్నదున్నట్టు చదివింది. పాస్టరమ్మ మొహం ముడుచుకుంది. "గిది సాక్ష్యమా సలోమీ? విశ్వాసం సన్నగిల్లినోళ్లు ప్రార్థన నడుపుతరా?"

"విశ్వాసం లేకుంటే రోజూ ఎవలికి రాస్తున్న అమ్మగారూ? ఆయన మాట్లాడతలేడు. మాట్లాడిండని అబద్ధం రాసి ఆయనకే చదివి ఇనిపియ్యాల్నా? ఆయన ఊకున్నడని నేను బంద్ చెయ్య!"

ఆ రోజు ప్రార్థన సారమ్మతో నడిపించారు. సలోమి వెనక వరుసకు పోయి మోకాళ్లూనింది. చివర్లో అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది ఆమే.