కెడ్రెసి వదిన అల్లిన డోలీ

కబాలె పట్నం వైపు మా కొండ మీదికి బండి రాదు. జబ్బు చేసినవాళ్లు లోయలోని ఆస్పత్రికి డోలీలోనే దిగాలి. ఆ డోలీ అల్లేది మా అన్న భార్య కెడ్రెసి వదిన. డెబ్బై దాటినా చిత్తడినేలలో జమ్ము గడ్డి తనే కోసుకొస్తుంది. ఎండబెట్టి, మళ్లీ తడిపి, రెండు వెదురు బొంగుల మధ్య పొడుగాటి బుట్టలా అల్లుతుంది. ఇప్పటికి తొమ్మిది అల్లింది, ఒక్కటీ తెగలేదు. వదినకు అక్షరం ముక్క రాదు. చర్చిలో చివరి బెంచీ మీద కళ్లు మూసుకుని కూర్చుంటుంది. నిద్రపోతోందని చాలా ఏళ్లు అనుకున్నాను.

నా సంగతీ చెప్పాలి. నేను యోసాము బఫాకిని. మిషన్ బడిలో నాలుగో తరగతి దాకా చదివాను. ముప్పై ఏళ్లుగా చర్చిలో వాక్యం చదువుతున్నాను. పందొమ్మిదేళ్లుగా డోలీ సంఘానికి పెద్దను. ముందు కుడి బొంగు ఎప్పుడూ నా భుజం మీదే. నూట పన్నెండు మందిని దించాను, అందులో ఇరవై ముగ్గురు నిండు గర్భిణులు. ఒక్కరినీ జారనివ్వలేదు. బూర ఊదితే ఇంటికొక మనిషి రావాలి, ఆలస్యం చేసినవాళ్లు మోసినవాళ్లకి కుండెడు జొన్న గంజి జరిమానా ఇచ్చుకోవాలి అన్న నియమం నేను పెట్టిందే. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే మోతగాడు టిండ్యెబ్వా ఒక్కడి చేతే మూడు కుండలు కట్టించాను.

పక్షవాయువు మనిషిని నలుగురు మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి, యేసు ముందుకు దించిన కథ మార్కు సువార్తలో ఉంది. దాని మీద పధ్నాలుగుసార్లు మాట్లాడాను. ప్రతిసారీ ఆ నలుగురి గురించే.

పోయిన వానల్లో ఒక పొద్దున బంగాళాదుంపల చేలో గట్టు మీంచి జారాను. మోకాలి కింద ఎముక విరిగింది. ఆరోగ్య కార్యకర్త ప్రిస్కా వచ్చి పాదం తడిమి చూసింది. చల్లబడి రంగు మారుతోంది.

"తాతా, మధ్యాహ్నంలోగా ఆస్పత్రి చేరకపోతే ఈ కాలు దక్కదు" అంది.

బూర ఊదారు. జనం వచ్చారు, డోలీ వచ్చింది. నేను మాత్రం ఎక్కనన్నాను.

"మోసేవాణ్ణి గానీ మోయించుకునేవాణ్ణి కాను. కర్ర ఇవ్వండి, నడుస్తా."

నాలుగడుగులు వేద్దామనుకున్నాను. ఒకటి పూర్తి కాకముందే కూలబడ్డాను. ఎవరు పట్టుకోబోయినా చెయ్యి విదిలించాను. పొద్దెక్కుతోంది.

అప్పుడు వదిన వచ్చి నా పక్కన బురదలోనే చతికిలబడింది.

"మరిదీ, పధ్నాలుగుసార్లు విన్నాను నీ నలుగురి కథ. ఐదోవాడి సంగతి ఒక్కసారైనా చెప్పావా?"

"ఐదోవాడెవరు?"

"పడుకున్నవాడు! వాడు నీలాగా 'నేను నడుస్తా, కర్ర తెండి' అని మొండికేస్తే ఆ నలుగురూ ఏం చేసేవాళ్లు? కప్పు విప్పడం వాళ్ల పని. నోర్మూసుకుని పడుకోవడం వాడి పని. నీకు భుజమివ్వడమే వచ్చు. ఇవాళ ఒళ్లు వాల్చడం నేర్చుకో."

డోలీ వైపు చెయ్యి చాచాను, ఎక్కించారు. పడుకున్నాను.

ముందు కుడి బొంగు టిండ్యెబ్వా ఎత్తుకున్నాడు. "అమ్మో! నా మూడు కుండల గంజీ ఈ బొజ్జలోనే ఉంది" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. కాలు అదిరి నొప్పెట్టినా నేనూ నవ్వాను.

దారి పొడుగునా నా నోరు ఊరుకోలేదు. "ఎడమకి! రాయి చూసుకో! మెల్లగా!"

పక్కనే నడుస్తున్న వదిన వంగి చూసింది. "ఆ పక్షవాయువు మనిషి కప్పు మీంచి దిగుతూ 'తాడు వదలండి, ఎడమకి లాగండి' అని అరిచాడని రాసుందా? చదువుకున్నవాడివి, నువ్వే చెప్పు."

లేదు. ఎక్కడా రాసి లేదు. కళ్లు మూసుకున్నాను. వీపు కింద జమ్ము మెత్తగా సాగుతోంది. పందొమ్మిదేళ్లు బొంగు మోశాను గానీ, వదిన అల్లిక అంత హాయిగా ఉంటుందని నాకేం తెలుసు? వెనక ఆడవాళ్లు పాట అందుకున్నారు. పన్నెండు కాకముందే ఆస్పత్రి గేటు దగ్గర దించారు.

కాలు దక్కింది. కొంచెం పొట్టిదైంది, అంతే. లేచి తిరిగిన మొదటి ఆదివారం అదే వాక్యం మీద పదిహేనోసారి మాట్లాడాను, ఈసారి ఐదోవాడి గురించి. చివరి బెంచీలో వదిన కళ్లు తెరిచే వింది.

బయటికొచ్చాక టిండ్యెబ్వా దారికి అడ్డంగా నిలబడ్డాడు. "పెద్దాయనా, ఆ రోజు డోలీ బయల్దేరడానికి ఆలస్యమైంది ఎవరివల్ల?"

నియమం నాదే. మర్నాడు కుండెడు గంజి నేనే కాచాను. మొదటి గిన్నె పోయించుకుంటావా అని వదినను అడిగితే, "ముందు మోసినవాళ్లకి పొయ్యి" అంది.