పసుపుకు బిగుసుకున్న ములుకులు

మా అల్లుడిది గుంటూరు వైపు. శంషాబాద్ దాటాక ఒక రిసార్టులో, సెలవులకు వచ్చినవాళ్ళకు విల్లు పట్టడం నేర్పే పని అతనిది. విమానాశ్రయం తెరిచిన రెండో ఏడో మూడో ఏడో, దసరా ముందర, మా మక్కచేనులో అడవి పందులు పడ్డాయి. పాల్మాకుల పక్కన మాకు మిగిలింది ఆ ఒక్క చేనే. చుట్టూ తుప్పలన్నీ ప్లాట్లయ్యాయి కాబట్టి పందులకు మిగిలింది కూడా అదే. వాటిది తప్పని నేననను. కానీ మక్కలు నావి.

అందరి చేలూ పాడవుతుంటే సర్పంచ్ తిరిగి తిరిగి అటవీ శాఖ అనుమతి తెచ్చాడు. షాద్‌నగర్ నుంచి వస్తానన్న తుపాకీ మనిషి రాలేదు. అప్పుడు అల్లుడు, "నేను కొడతాను మామయ్యగారూ" అన్నాడు.

నాకు భయమేసింది. నా చిన్నతనంలో వలలు కట్టి, కుక్కలను తీసుకుని పందుల మీదికి పోయేవాళ్ళం. దెబ్బ సరిగ్గా పడని పంది పారిపోదు, మనిషి మీదికి తిరుగుతుంది. మా చిన్నాయన తొడ అట్లానే చీలింది. పోయేదాకా కుంటుతూనే ఉన్నాడు. అల్లుడు అప్పటిదాకా కొట్టింది గడ్డి బొమ్మలను. గడ్డి బొమ్మ తిరగబడదు.

మా ఇంటామె ఒక్క మాటే అంది: "అల్లుని కాలు చీలితె బిడ్డకు ఏం మొఖం జూపిస్తవయ్యా?"

అందుకని నేను ములుకుల మీద పడ్డాను. బాణం కొసకు ఉండే ఇనుప మొన సరైనదైతే పంది అక్కడే పడుతుంది, కాకపోతే అల్లుడి మీదికి వస్తుంది. అల్లుడి దగ్గర ఒక డబ్బా ఉండేది. విమానంలో చేతిసంచిలో పెట్టుకుపోనివ్వరని రిసార్టుకు వచ్చిన అతిథి ఒకాయన వదిలేసి పోయాడట. డబ్బా మీద అంతా ఇంగ్లీషు. నాకు తెలుగు అక్షరాలే యాభై దాటాక వచ్చాయి, ఇంగ్లీషు జోలికి పోలేదు. అల్లుడే విప్పి చూపించాడు.

అందులో రెండు రకాలు. ఒకటి కదలని అలుగు, మన బల్లెం మొనలాగే, కాకపోతే చిన్నది. రెండోది మడత ములికి. బ్లేడ్లు రెక్కల్లాగా లోపలికి ముడుచుకుని ఉంటాయి, తగలగానే విప్పుకుంటాయి.

"ఇవి గాలిని పట్టించుకోవండీ. సూటిగా పోతాయి. తగిలాక విప్పుకుంటే దెబ్బ వెడల్పుగా పడుతుంది" అన్నాడు అల్లుడు.

"తగిలినంక విప్పుకునుడేంది? విప్పుకోకుంటే?"

"విప్పుకుంటాయండీ."

"నీకు మాటిచ్చినయా?"

గోనెసంచిలో తడిమట్టి, గడ్డి కూరి దొడ్లో నిలబెట్టాం. కదలని అలుగు పెట్టి కొడితే గురికి జానెడు పక్కన తగిలింది. మడత ములికి అతను చూసిన చోటే తగిలింది. అయితే సంచి వెనక్కి పోయి చూస్తే, అలుగు అవతలికి పొడుచుకు వచ్చింది, మడతది సగంలోనే ఆగింది. రెక్కలు విప్పుకోవడానికే దాని బలం కొంత పోతున్నట్టుంది. అతని విల్లు రిసార్టుకు వచ్చేపోయేవాళ్ళ కోసం ఉంచిన, తేలిగ్గా వంగే మెత్తటి విల్లు. పంది ఒంటి మీదేమో బురద ఎండి గోడకు మెత్తినట్టు ఉంటుంది. ఇదంతా చెప్పాను. అల్లుడు విన్నాడు, విని మడత ములుకులే తీసుకున్నాడు. గురి తప్పితే ఏ ములికి ఉండి ఏం లాభం అన్నాడు. అదీ నిజమే.

మధ్యలో దసరా వచ్చింది. మా ఇళ్ళల్లో ఆ రోజు ఇనుముకు పూజ చేయనిదే మళ్ళీ పనిలో పెట్టం. కొడవళ్ళు, గడ్డపార, అల్లుడి మోటారు సైకిల్, అన్నిటికీ మా ఇంటామె పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. ములుకుల డబ్బా కూడా తెచ్చి ముందర పెట్టుకుంది. అల్లుడి ప్రాణం కాయాల్సినవని వాటికి ఇంకాస్త ఎక్కువ రాసింది. తడి పసుపు బొటనవేలితో సందుసందుల్లోకీ పోయేలా అదిమింది.

మర్నాడు అల్లుడు సంచి మీద ఒకటి కొట్టి చూశాడు. బాణం సూటిగానే పోయింది. లాగితే సూదిలాగా బయటికొచ్చింది. ఒక్క రెక్కా విప్పుకోలేదు. కీలు దగ్గర పసుపు ఎండి గట్టిగా బిగుసుకుపోయింది.

అల్లుడు ఆ బాణం తెచ్చి నా చేతిలో పెట్టాడు. "మామయ్యగారూ, ఇదే గనక పందికి తగిలి ఉంటే..."

మా ఇంటామె అరుగు మీద నుంచే అందుకుంది. "ఏమైంది?"

"నీ పసుపుకు జామైనయే."

"దేవునికి మొక్కితె ఖరాబైతదా? బొట్టుకే ఓర్వనిది పందికి ఓరుస్తదా? గసొంటిది నా అల్లుని చేతుల పెట్టకుండ్రి."

కిరసనాయిలు పోసి కడిగాం. రెండు బాగానే విప్పుకున్నాయి. మూడోది సగం విప్పుకుని ఆగింది. అల్లుడు దాన్ని చాలాసేపు వేలితో ఆడించి డబ్బాలో పెట్టేశాడు. "అత్తయ్యగారి మాటే ఖాయం చేద్దామండీ. కాకపోతే అలుగు దూరం నుంచి నిలకడగా పోదు. చేలో మంచెను ఇంకా దగ్గరికి జరపాలి." పందులు వచ్చే దారి పక్కకే జరిపాం.

పొద్దు గుంకేటప్పుడు మంచె మీద ఇద్దరం కూర్చున్నాం. విమానం ఒకటి దిగుతూ పోయింది, ఆ మోతలోనే పంది వచ్చింది. వాటికి ఆ మోత అలవాటైపోయింది, మాకూ అంతే. అల్లుడు వదిలాడు. పంది ఒక్క అరుపు అరిచి మక్కల్లోకి దూరింది. అల్లుడు నిచ్చెన మీద కాలు పెట్టాడు. నేను చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను.

"కూసో."

"పడిపోయిందండీ."

"పడ్డదని నువ్వంటున్నవ్. అది అన్నదా?"

మక్కలు కదలడం ఆగేదాకా కూర్చున్నాం. ఆగాక కూడా కాసేపు కూర్చున్నాం. తర్వాత నేను ముందు, అతను వెనక. పంది గట్టు దగ్గరే పడి ఉంది. అలుగు ఇటు నుంచి అటు పోయింది.

ఇంటికి వచ్చాక మా ఇంటామె పంది సంగతి అడగలేదు. దీపం దగ్గర పెట్టి అల్లుడి కాళ్ళు రెండూ పైనుంచి కిందిదాకా చూసింది. చూసి, "కాళ్ళు గడుక్కో, తిందువు" అంది.

మరుసటి దసరాకు ఆ డబ్బా మళ్ళీ పూజలోకి వచ్చింది. అల్లుడు గబగబా మూత గట్టిగా పెట్టి, రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. ఆమె నవ్వుకుంటూ మూత మీద బొట్టు పెట్టింది.